ఖాదర్ మొహిద్దీన్ ఇరవై అంకణాలు

ఖాదర్ మొహిద్దీన్ బెల్టుకి ఎప్పుడూ ఒక టేపు వేలాడతా ఉండేది. ఐదు మీటర్ల స్టీలు టేపు, పసుప్పచ్చ డబ్బా. జెద్దాలో మేముండే బిల్డింగులో ఎవరి ఏసీ చెడిపోయినా ఆయనే వచ్చేవాడు. ఏసీ వంక చూడడు, ముందు టేపు లాగుతాడు. సర్రున పోయి గోడకి తగిలి సర్రున వెనక్కొస్తాది. మా ఇంట్లో కూడా అంతే.

"పద్నాలుగు బై పన్నెండు. ఈ గదికి ఒకటిన్నర టన్ను కావాల టీచరమ్మా. ఒక టన్నుది పెట్టిచ్చిన ఎదవ ఎవుడు? వాణ్ణి తెచ్చి జూన్ నెలంతా ఈడ కూర్చోబెట్టాల."

పెట్టిచ్చింది మా అల్లుడే! పక్కగదిలోనే ఉండాడు పాపం. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తా.

అట్టాంటి మనిషి, కనపడిన ప్రతి గోడకీ టేపు పెట్టే మనిషి, తన సొంత ఇంటిని మాత్రం టేపు పెట్టకుండా కొన్నాడు. దాంట్లో నా చెయ్యి కూడా ఉండాది. అది తర్వాత చెప్తా, ముందే చెప్తే మీరు నన్ను తిట్టుకుంటా చదువుతారు.

ఆయనది మా జిల్లానే, ఆత్మకూరు. నేనేమో బుచ్చిలో ముప్పై మూడేళ్లు పిల్లకాయలకి లెక్కలు చెప్పి, రిటైరై, కూతురి దగ్గరికి పొయ్యినదాన్ని. పరాయి దేశంలో నెల్లూరు మాట వినపడితే ప్రాణం లేచొస్తాది గదా! మొదటిరోజే "యాడ మనది?" అన్నాడు, అంతే, ఇంక మా ఇంట్లో మనిషైపొయ్యాడు. మొదట ఉనైజాలో ఖర్జూరం గోడౌన్ల కూలర్లు చూసేవాడంట, మూడేళ్లు. తర్వాత జెద్దాలో మెయింటెనెన్స్ కంపెనీ. ఆ తర్వాత పెళ్లాం ఆరిఫాని, పిల్లల్ని తెచ్చుకున్నాడు. ముగ్గురు పిల్లలు, ఇద్దరు ఆడ, ఒక మగ. పనిమంతుడే గానీ నోరు మంచిది కాదు. అనుమానం కూడా జాస్తి. కూరగాయలోడు కాటా చూపిచ్చినా, వాడి వేలు యాడుందో చూసేరకం.

ఆరిఫాది తిరపతి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

రెండువేల పదిహేడులో ఫ్యామిలీ ఫీజు వచ్చింది గదా, ఆ దెబ్బతో మా బిల్డింగు ఖాళీ కావడం మొదలైంది. పెళ్లానికింత, బిడ్డకింత అని నెలనెలా లెక్కగట్టి, ఇకామా, అదే ఆ దేశంలో ఉండే పర్మిట్టు, దాని రెన్యువల్ అప్పుడు మొత్తం ఒక్కసారే కట్టాల. ఏటికేడు పెరుగుతాది కూడా. ప్రతి శుక్రవారం యాడో ఒక ఇంట్లో అట్టపెట్టెలకి ప్లాస్టర్ చుట్టే చప్పుడు. దానికి తోడు నితాకాత్. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాల, లేకపోతే రంగు మారిపోతాది, పచ్చది ఎర్రదైపోతాది. ఖాదర్ కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఉన్నోళ్లకి ఇకామా రెన్యువల్ చెయ్యరు. ఆయన ఇకామా మరుసటేడు మే పదిహేను దాకానే.

"పిల్లల పరీక్షలైపోతానే మేము పోతాం," అని ఆరిఫా తేల్చేసింది. "పోతాం గానీ ఒకరింట్లో వాటా తీసుకోను. ఓనరు నీళ్లు కట్టేసే కొంపకి అసలే పోను. మాదని ఒక తలుపు ఉండాల."

ఆ తలుపు వెతికే పని ఆమె తమ్ముడు ఇనాయతుల్లా మీద పడింది. తిరపతిలో టైల్సు అంగడి అతనిది. నెల తిరక్కుండానే ఫోను చేసినాడు.

"దుల్హేభాయ్, దొరికింది!" అక్క మొగుణ్ణి వాళ్లు అట్టనే పిలుస్తారు. "ఇరవై అంకణాలు. స్కూలు దగ్గిర. గాలి బాగా ఆడతాది. ధర కూడా మనకి అందేదే."

బ్యాంకు లోను తీసుకోవాల్సిందే. జనవరిలో ఒక శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఖాదర్ ఆ దరఖాస్తు ఫారం పట్టుకొని మా ఇంటికొచ్చాడు. దాంట్లో స్థలం చదరపడుగుల్లో రాయాలంట. అగ్రిమెంటు కాయితంలో చూస్తే ఇరవై అంకణాలు అని మాత్రమే ఉండాది, అడుగుల కొలతలు లేవు. అవి ఉండే పాత దస్తావేజులు బ్యాంకులో ఇచ్చేశారు.

"టీచరమ్మా, ఇరవై అంకణాలంటే ఎన్ని చదరపడుగులు?"

కాయితం లేదు, పెన్ను లేదు. ఉల్లిపాయలు తరుగుతా తరుగుతానే చెప్పేశా. "అంకణం డెబ్భై రెండు గదా అబ్బయా. డెబ్భై రెండు ఇరవైలు పద్నాలుగు వందల నలభై!"

ఎంత గర్వంగా చెప్పానో! ఆయన చక్కగా 1440 అని రాసుకున్నాడు. రాసి ఆ అంకెని చూసుకొని మురిసిపొయ్యాడు. "పద్నాలుగొందల నలభై! ఈ ధరకి! ఆరిఫా తమ్ముడు పుట్టినాక మొట్టమొదటిసారి పనికొచ్చే పని చేశాడు."

పవర్ ఆఫ్ అటార్నీ కాయితం కాన్సులేటులో ముద్ర వేయించి ఇనాయతుల్లా పేరున పంపాడు. ఫిబ్రవరి చివర్లో బ్యాంకోళ్ల ఇంజనీరు పొయ్యి ఇల్లు కొలిచి, విలువ కట్టి రిపోర్టు ఇచ్చాడు. దాని ఫీజు కూడా ఖాదర్ దగ్గిరే పట్టుకున్నారు. ఇంక రిజిస్ట్రేషనే అనుకున్నాం అందరం.

మార్చి మొత్తం ఉలుకూ లేదు పలుకూ లేదు.

బ్యాంకులో లోన్ల ఆఫీసరు పేరు జనార్దన్. కుర్రాడు, గొంతు మాత్రం తేనె. ఒకరోజు ఖాదర్ మా హాల్లోనే కూర్చోని స్పీకర్ పెట్టి మాట్లాడాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"సార్, మీ ఫైలు టెక్నికల్లో హోల్డులో ఉంది సార్."

"ఎందుకు హోల్డు?"

"వాల్యుయేషన్ రిపోర్టులో ఒక అబ్జర్వేషన్ ఉంది సార్."

"ఏం అబ్జర్వేషన్?"

"అది ఇంటర్నల్ సార్. కస్టమర్‌కి డిస్‌క్లోజ్ చెయ్యం సార్."

"కొనేది నేను. కొలిచినోడికి ఫీజు కట్టింది నేను. వాడు ఏం కొలిచాడో నాకు చెప్పవా?"

"రూల్ సార్."

"ఏ రూలు? అది చూపీ."

"రూల్ కూడా ఇంటర్నలే సార్."

నాకు పకపకా నవ్వొచ్చింది. ఖాదర్ మొహం చూసి ఆ నవ్వు గొంతులోనే చచ్చింది. 

పరిస్థితి ఎట్టా ఉందో చెప్తా. అవతల ఒక పచ్చ కంపెనీ ఆయన్ని తీసుకుంటామని రెడీగా ఉంది. ఎర్ర కంపెనీ వాళ్లు పాత కఫీల్ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, అడగకుండానే మారొచ్చు అప్పుడు. కానీ కఫీల్ మారితే బ్యాంకు ఫైలు మళ్లీ మొదట్నుంచి. మారకుండా కూర్చుంటే మే పదిహేనుకి ఇకామా అయిపోతాది, చెల్లే ఇకామా లేకపోతే లోనే లేదు. పిల్లల పరీక్షలైపొయ్యాయి. ఆరిఫాకీ పిల్లలకీ ఖురూజ్ నిహాయీ కొట్టిచ్చేశారు, ఇంక తిరిగి రాకుండా వెళ్లిపోయే వీసా. అది కొట్టినాక అరవై రోజుల్లో విమానం ఎక్కాల్సిందే. విమానం దిగి యాడికి పోవాల? అదే ప్రశ్న. రోజూ అదే ప్రశ్న.

తెలవని మనిషికి కోపమొస్తే తెలిసిన మనిషి మీదికి పోతాది. జనార్దన్ని తిట్టీ తిట్టీ విసుగెత్తాక, ఖాదర్ అనుమానం ఇనాయతుల్లా మీదికి తిరిగింది. వాళ్లు ఇంట్లో ఉర్దూనే మాట్లాడుకుంటారు. తిట్టుకునేటప్పుడు మాత్రం తెలుగు! ఎందుకో నేను ఎప్పుడూ అడగలా. ఆరోజు ఆరిఫాకి కరివేపాకు ఇద్దామని పొయ్యి, ఖాదర్ ఫోను స్పీకర్లో ఇనాయతుల్లా గొంతు విని తలుపు దగ్గరే నిలబడిపొయ్యా.

"రోజూ బ్యాంకు మెట్లెక్కి దిగతా ఉండా దుల్హేభాయ్. అంగడి మూసుకోని పోతా ఉండా. వాళ్లు చెప్పకుంటే నేనేం చేసేది?"

"మెట్లు ఎక్కుతుండావు సరే. ఎంత ముట్టిందో అది చెప్పు."



"ఏమన్నావు?"

"ఆ ఇంజనీరు నీ అంగట్లో టైల్సు కొనేవాడే గదా? ఓనరూ నువ్వూ వాడూ కలిసి ఏదో నడుపుతుండారు. లేకపోతే రిపోర్టు నాకెందుకు చూపీరు?"

"దుల్హేభాయ్, ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను. రేపే కాన్సులేటుకి పొయ్యి నీ పవరు కేన్సిల్ చేస్తా."

ఆరిఫా ఫోను లాక్కుంది. అప్పటికే అవతల పెట్టేశాడు. ఆమె మొగుడి మొహంలోకి చూసి, "మా నాయన జనాజా పక్కింటోళ్ల వరండాలో నుంచి లేసింది, మాకు సొంత ఇల్లు లేక. అక్కకన్నా ఒక ఇల్లుండాలని వాడు తిరగతా ఉండాడు. వాణ్ణి మీరు దొంగ అన్నారు," అనింది. నేను కరివేపాకు గడప మీద పెట్టి చప్పుడు కాకుండా వచ్చేశా.

కాన్సులేటు అపాయింట్‌మెంటు నిజంగానే తీసుకున్నాడు. ఐదు రోజుల తర్వాతకి దొరికింది. అక్కడ తిరపతిలో ఇనాయతుల్లా ఏం చేశాడంటే, తెల్ల కాయితం మీద తెలుగులో అర్జీ రాసి, ఇంజనీరు ఫీజు కట్టిన రసీదు దానికి గుండుసూదితో గుచ్చి, బ్యాంకు మేనేజరు గది ముందర కుర్చీ వేసుకోని కూర్చున్నాడు. "డబ్బులు మావి, ఇల్లు మాది, కాపీ మాకీయాల. లేదంటే ఎందుకీయరో రాసి సంతకం పెట్టీయండి," అని. మొదటిరోజు సెక్యూరిటీ వాడు లేపితే మళ్లీ కూర్చున్నాడు. రెండోరోజు టిఫిను తెచ్చుకున్నాడంట! మూడోరోజు మేనేజరు, ఈయన అరుపులకి మిగతా కస్టమర్లు చెవులు రిక్కించడం చూసి, రిపోర్టు జిరాక్సు తీసి చేతిలో పెట్టాడు. రాతపూర్వకంగా కాదని చెప్పడానికి ఆయన దగ్గిర కూడా రూలు లేదు మరి. రెండు నెలలుగా ఏం దాచారో వాళ్లకే తెలవాల.

దాని ఫొటో శుక్రవారం మధ్యాన్నం ఖాదర్ ఫోనుకి వచ్చింది. ఇంగ్లీషులో ఉందని మా ఇంటికి తెచ్చాడు, మా అల్లుడు చదివి చెప్పాడు. ఇల్లు బాగుంది. కాయితాలు బాగున్నాయి. విలువ కూడా అడిగిన ధరకి సరిపొయ్యింది. కింద ఒకే ఒక్క పంక్తి తేడా. 'స్థలం ఇరవై అంకణాలు, అనగా 720 చదరపడుగులు. దరఖాస్తుదారుడు 1440 అని రాశారు. దరఖాస్తుదారుణ్ణి వివరణ అడగవలెను.'

దరఖాస్తుదారుణ్ణి అడగవలెను! రెండు నెలలుగా ఆయన్ని అడగాల్సిన ప్రశ్నని ఆయనకే చెప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఒక్క ఫోను చేసి "ఏమయ్యా, ఈ అంకె ఎట్టా రాశావు?" అంటే ఆ రోజే తేలిపొయ్యేది. ఆ జనార్దన్ నా దగ్గర చదువుకోనుంటే బెంచీ ఎక్కిచ్చేదాన్ని. దిగనిచ్చేదాన్ని కాదు.

"ఏడొందల ఇరవయ్యా?" అన్నాడు ఖాదర్. "సగం ఇల్లు యాడికి పొయ్యింది?"

ఫొటో వెనకనే ఇనాయతుల్లా వాయిస్ మెసేజ్ ఉంది. ఖాదర్ అందరి ముందరే పెట్టాడు.

"ఇరవై అంకణాలన్నాను. ఇరవై అంకణాలే ఉండాది. ఒక్క అంగుళం తగ్గితే చెప్పుతో కొట్టు. తిరపతిలో అంకణమంటే ముప్పై ఆరు అడుగులు, పాలు తాగే బిడ్డనడిగినా చెప్తాది. మీ నెల్లూరోళ్లకి అంకణం డెబ్భై రెండైతే అది మీ గొప్ప. ఫారంలో రాసింది నువ్వు. దొంగ నేను. బాగుంది."

 తిరపతి అంకణం చిన్నదని నాకు తెలవదా? తెలుసు! మా ఆడబిడ్డ అక్కడే ఇల్లు కట్టింది. "మీ అంకణంలో మా అంకణాలు రెండు పడతాయి వదినా" అని గృహప్రవేశంలో నవ్వుకున్నాం కూడా. కానీ నోటికొచ్చిన ఎక్కం ముందర తెలిసిన సంగతి గుర్తుకు రాలా. అదీ నా చెయ్యి.

ఖాదర్ నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, నువ్వు లెక్కల టీచరువి గదా?"

 

బ్యాంకు ఇప్పుడు అడిగేది ఒకటే. నేను పొరపాటున 1440 అని రాశాను, సరైనది 720 అని స్వయంగా రాసి సంతకం పెట్టి పంపాల. పంపితే వారంలో రిజిస్ట్రేషన్. అప్పటికి ఏప్రిల్ ఇరవై ఏడు. ఖాదర్ కాన్సులేటుకి పోలేదు గానీ సంతకం కూడా పెట్టలా. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. "సగం ఇంటికి మొత్తం ధర పెట్టి, తప్పు నాదని నేనే రాసివ్వాలా? ఆ బామ్మర్ది నవ్వుకోడానికా?"

"వాడు నవ్వేదానికి ఏముంది? వాడు మీతో మాట్లాడేదే మానుకున్నాడు," అనేది ఆరిఫా.

ఐదోరోజు సాయంత్రం ఆమే మా ఇంటికొచ్చి, "టీచర్, కాయితం పెన్ను తీసుకోని రండి, లెక్క రాయాల," అనింది. లెక్క అనింది గదా, ఈసారి రెండు పెన్నులు తీసుకున్నా. పొయ్యా. ఖాదర్ అప్పుడే పనిలోంచి వచ్చి కూర్చోనుండాడు. ఆమె పొయ్యి ఆయన బెల్టు నుంచి టేపు ఊడబెరికింది. ఆయన బిత్తరపొయ్యి చూస్తుండాడు. పెద్దకూతుర్ని ఒక కొస పట్టుకోమని హాలు కొలిచింది.

"పన్నెండు బై పన్నెండు. రాసుకోండి టీచర్. ముప్పై ఆరుతో చెప్పండి, డెబ్భై రెండుతో కాదు."

"నాలుగు అంకణాలు," అన్నా, ఈసారి కాయితం మీద వేసి, రెండుసార్లు సరిచూసి.

పడగ్గది నాలుగు. వంటిల్లు రెండు. బాత్రూమూ నడవా కలిపి ఒకటి.

"పదకొండు," అనింది ఆరిఫా. మామూలుగా మొగుణ్ణి 'మీరు' అనే మనిషి, ఆరోజు 'నువ్వు'లోకి దిగింది. "ఏడేళ్లు ఐదుమందిమి ఈ పదకొండు అంకణాల్లో పడుకొని లేసినాం. అప్పుడు నీ టేపు యాడ పొయ్యింది? ఊళ్లో గదులన్నీ కొలిచొస్తివే, పెళ్లాం బిడ్డలున్నది ఎంతో ఒక్కనాడన్నా కొలిస్తివా?"

"తిరపతిది స్థలం," అన్నాడు ఖాదర్. "గోడలు, మెట్లు తీసేస్తే ఎంత మిగులుతాది?"

"మిగిలిందాంట్లోనే ఉంటాం. తలకింత కట్టమని నెలనెలా ఎవుడూ అడగడు దాంట్లో. నీకు డెబ్భై రెండడుగుల అంకణమే కావాలంటే నెల్లూరికే పో. పెళ్లాం కూడా ఆడనే పెద్ద సైజులో దొరుకుతాదేమో చూసుకో."

నవ్వు రాలేదు ఎవరికీ. నాకు కూడా!

లెటరు మా అల్లుడు ఇంగ్లీషులో కొట్టిచ్చాడు. అంకె మాత్రం చేత్తో రాయాలన్నారు. ఖాదర్ 720 అని రాశాడు, సున్నా దగ్గర పెన్ను కాయితంలోకి దిగి చిల్లు పడింది. సంతకం పెట్టి కాయితం ఆరిఫా ముందరికి నెట్టేసి బయటికి పొయ్యాడు.

మే తొమ్మిదిన రిజిస్ట్రేషన్ అయింది. ఇకామాకి ఇంకా ఆరు రోజులుంది. పన్నెండున ఆరిఫా, పిల్లలు విమానమెక్కారు. ఖాదర్ పచ్చ కంపెనీలోకి మారి, ఫ్లాటు ఖాళీ చేసి, జెద్దాలోనే షరఫియాలో బెడ్‌స్పేస్‌కి పొయ్యాడు.

ఇనాయతుల్లా ఎదురు పొయ్యి అక్కనీ పిల్లల్నీ తీసుకొచ్చాడంట. పెట్టెలు గేటు దాకా మోశాడు. తాళాలు అక్క చేతిలో పెట్టాడు. గడప తొక్కలేదు. "ఎంత ముట్టిందని అడిగిన మనిషి వచ్చి ఆ మాట తప్పనేదాకా ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగను" అన్నాడంట. ఆరిఫా ఫోన్లో చెప్పింది నాకు. తమ్ముడు వీధిలోనే నిలబడి పిల్లలకి బిస్కెట్లు ఇచ్చి పోతుండాడంట, వారానికొకసారి.

నేను ఊరికి తిరిగొచ్చే ముందర ఖాదర్ మా ఏసీ చూడ్డానికొచ్చాడు. మనిషి తగ్గాడు. టేపు బెల్టుకి ఉంది.

"ఇనాయత్‌కి ఒక ఫోను చెయ్యి అబ్బయా. ఒక్క మాట. తప్పంతా నా మీదెయ్, నేను కాదన్ను."

"చెయ్యను. అడుగుల్లో చెప్పుంటే వాడి సొమ్మేం పొయ్యేది?"

"నువ్వు అడుగుల్లో అడిగుంటే నీ సొమ్మేం పొయ్యేది?"

ఆయన స్క్రూడ్రైవర్ తిప్పుతా ఉండిపొయ్యాడు. సరే, మాట మారుద్దామని, షరఫియాలో రూము ఎట్టుందని అడిగా.

"రూము యాడిది టీచరమ్మా? గదిలో ఎనిమిది మందిమి. నాదని ఒక మంచం. కొలిచా గూడా. ఆరు బై మూడు." ఏసీ మూత బిగిచ్చి, చెయ్యి తుడుచుకున్నాడు. "అర అంకణం."

ఆరు మూళ్లు పద్దెనిమిది. మా నెల్లూరు లెక్కైతే పావు అంకణమే గదా అది. నోటి చివరిదాకా వచ్చింది, ఈసారి మాత్రం నేను నోరు తెరవలా.